సంగటి ముద్దలో దాచిన మాత్ర

మదనపల్లె టమోటా మండీలో వేలం పాడే మనిషి ఆ పొద్దున నా పేరుకు రేటు కడుతున్నట్టు వినిపించింది. తొంభైల చివర్లో మాట. మాది పుంగనూరు దగ్గర పల్లె. మండీలో బాక్సులు దించడం నా పని. "నరసింహులు, నరసింహులు, ఎవరికి కావాల, కోసి ఇస్తాం" అని అతను పాడుతుంటే వ్యాపారులు వేళ్లు చూపి బేరమాడుతున్నారు. నేను కొంచెం నాసిరకమే గానీ, మరీ అంత తక్కువ రేటా? మండిపోయి చేతిలోని బాక్సు ఎత్తి అతని నెత్తిన వేశాను. రక్తమేదో రసమేదో తెలియలేదు. హమాలీలు నలుగురూ పడి నన్ను తన్నారు.

మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళితే బ్లడ్ టెస్టులు, స్కానింగ్ అన్నీ నార్మల్. "తలకాయలో ఏమీ లేదంట" అని మా అమ్మ సంబరపడింది. బళ్లో మా అయ్యవారు ఆ మాట స్కానింగ్ లేకుండానే చెప్పేవాడు. ఆసుపత్రిలో శుక్రవారం శుక్రవారం మానసిక రోగుల ఓపీ ఉండేది. అక్కడి డాక్టరు చెప్పాడు: "ఇది స్కిజోఫ్రీనియా. మాత్రలు వాడితే పని చేసుకుంటావు. ఆపితే రిలాప్స్ అవుతుంది, జబ్బు తిరగబెడుతుంది."

ఇంటికొచ్చి మాత్రల్ని పేడదిబ్బలో పారేశాను. నా భార్య రెడ్డెమ్మ కొన్నాళ్లు బతిమాలి మానేసింది. గెలిచాననుకున్నాను.

మా పక్క రాగి సంగటిని నమలరు. ముద్దను పులుసులో ముంచి మింగడమే. రెడ్డెమ్మ రోజూ నా మొదటి ముద్దలో మాత్ర పెట్టేది. కుప్పంలో పుట్టింటికని చెప్పి మదనపల్లె బస్సెక్కి, ఓపీలో మాత్రలు తెచ్చుకునేది. "దాచి ఎన్నాళ్లు పెడతావమ్మా? ఆయనకు చెప్పు" అని డాక్టరు మందలించేవాడట. "చెప్తే తినడు సార్" అనేదట. ఇవేవీ తెలియని నేను, మందు ముట్టకుండా రోగం తోలేసిన మొనగాణ్ణని మండీ అంతా డప్పు కొట్టుకుంటూ ఏళ్ల తరబడి బాగానే బతికాను.

తర్వాత చికున్‌గున్యా వచ్చింది. ఊరు ఊరంతా కీళ్లు పట్టేసి వంగిపోయింది. నిటారుగా నడిచేవాడే వింతగా కనిపించిన రోజులు. ఆ వింత మనిషిని నేనే. ఆసుపత్రిలో మానసిక ఓపీ గదిని జ్వరాల వార్డు చేశారు, మా డాక్టరును ఫీవర్ డ్యూటీకి వేశారు. మాత్రలు దొరకక రెడ్డెమ్మ ఉన్నవాటిని సగం చేసింది, ఆ తర్వాత పావు చేసింది. వేలంపాట మళ్లీ నా చెవుల్లో మొదలైంది.

అంతలో ఆమెకూ జ్వరం తగిలింది. మణికట్లు వాచి సంగటి కెలకలేక, అన్నం వండింది. అన్నం నములుతారు కదా. పంటి కింద చేదు తగిలింది.

"ఏం కలిపినావే?"

"మందే బావా, నీ మంచికే..."

పురుగుల మందే అనుకున్నాను. సంగటి కెలికే కర్ర అందుకుని ఆమె తల మీదికి విసిరాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఫట్‌మంటే కర్ర విరిగిందనుకున్నాను. కర్ర బాగానే ఉంది. లేవలేని మా అమ్మ పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకుంటే ఆమెను తన్నాను. అక్కను చూడవచ్చిన బావమరిది మునిరత్నం నన్ను పట్టుకోబోతే అతని చెవి కొరికాను. అతనూ, ఊళ్లో లేవగలిగినవాళ్లూ తాళ్లతో నన్ను బండి చక్రానికి కట్టి బెల్టుతో కొట్టారు. ఏడిస్తే ఆపేవారు, బూతులు తిడితే మళ్లీ మొదలుపెట్టేవారు. నాకు ఏడుపు కన్నా బూతులే బాగా వచ్చు.

ఆసుపత్రికి మోసుకెళితే నడవా నిండా జ్వరం మనుషులు. డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ రాస్తూ, "ఇక్కడ సైకియాట్రీ క్లోజ్ అయింది. బెంగళూరుకు రెఫర్ చేస్తున్నా" అన్నాడు. ఇంజెక్షన్ ఎక్కేలోపు ఒక తాడు జారింది. సెలైన్ స్టాండు పీకి కిటికీ అద్దాలు పగలగొట్టాను. బెంగళూరు దారిలో వ్యాను తలుపు తన్ని దూకబోయాను. రాష్ట్రం దాటకముందే వెనక్కి తిప్పారు. మా గొడ్ల కొట్టంలో గొలుసు వేశారు. గొడ్లు నాకు కొంచెం ఎడంగా పడుకునేవి.

విరిగిన చేతికి కట్టుతో ఉన్న రెడ్డెమ్మను మునిరత్నం కుప్పం తీసుకుపోయాడు. "ఇంగ ఆ కొంపకు పోతే సంపేస్తాడు నిన్ను. లేదంటే నేనే వాణ్ణి సంపుతా" అన్నాడు.

జ్వరాలు తగ్గాయి. ఓపీ గది మాత్రం తెరవలేదు. అందులో సెలైన్ పెట్టెలు పేర్చి తాళం వేశారు. రెడ్డెమ్మ కుప్పం నుంచి వారం వారం వచ్చి ఆ తాళం ముందు కూర్చుంది. మాలాంటి ఇళ్లవాళ్లు ఇంకొందరు వచ్చి పక్కన చేరారు. ఒకరోజు పెద్ద డాక్టరు ఆగాడట.

"ఫీవర్ కేసులు పూర్తిగా తగ్గనీ అమ్మా, చూద్దాం."

"జొరాలు తగ్గినాయి సార్. జొరం లేనోళ్లే తగ్గలేదు. నా చెయ్యి సూడండి. ఇంగా మూసిపెట్టినారంటే ఈడికి శవం వస్తాది."

"ఎవరిది?"

"నాదో, మా ఆయనదో. ఇదో, మా తమ్ముణ్ణి అడగండి."

చెవికి కట్టుతో ఉన్న మునిరత్నం తల ఊపాడట. పెట్టెలు మోయడానికి మనుషులు లేరన్నారు. కూర్చున్నవాళ్లే లేచి మోశారు.

తర్వాతి శుక్రవారం నన్ను గొలుసుతోనే తీసుకొచ్చారు. మా డాక్టరు మోకాళ్లు పట్టుకుని గోడ ఆసరాతో వచ్చాడు. ఆయననూ దోమ వదల్లేదు.

"గొలుసు తీయండి" అన్నాడు.

"కరుస్తాడు సార్" అన్నాడు మునిరత్నం.

"ఇంగో చెవి ఉండాదిలే, తియ్యి" అంది రెడ్డెమ్మ.

డాక్టరు మాత్ర చూపించాడు. "ఇన్నేళ్లూ నువ్వు బాగున్నది దీనివల్ల. నీ భార్య సంగటిలో దాచి పెట్టింది. దాచడం తప్పని ఆమెకు చెబుతూనే ఉన్నాను. ఇక నీకు తెలియకుండా ఏదీ ఇవ్వం."

ఇన్నేళ్ల మొనగాడితనం అంతా ఒక్క ముద్దలో పోయింది. చెవుల్లో వేలంపాటగాడు కొట్టు, కొట్టు అంటున్నాడు. రెడ్డెమ్మ నా ముందుకొచ్చి మాత్రను నా అరచేతిలో పెట్టింది.

"దాసేది అయిపాయ బావా. తింటే తిను. పారేస్తే నా కండ్ల ముందరే పారెయ్. నేను మళ్లా నీ గడప తొక్కను."

నా చెయ్యి లేచింది. మునిరత్నం రెండు చెవులూ మూసుకున్నాడు. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు లేకుండా, ఆమెను చూస్తూ నమిలి మింగాను.

అంతటితో బాగైపోలేదు. రెడ్డెమ్మ ఆ సాయంత్రం కుప్పం బస్సే ఎక్కింది. మాత్రతో పాటు నాకు నెలనెలా, ఒకసారి వేస్తే నెలంతా పనిచేసే డిపో ఇంజెక్షన్ వేశారు. చేతులు వణికితే దానికి వేరే మాత్ర ఇచ్చారు. నిద్ర ఎక్కువవుతోందని కొన్నాళ్లు మాత్ర మానేశాను. ఒకరోజు మండీలో చూసుకుంటే నా చేతిలో రాయి ఉంది, ఎదురుగా వేలం పాడే మనిషి వీపు ఉంది. రాయి కింద పెట్టి, ఎవరూ లాక్కుపోకుండా నా కాళ్లతో నేనే ఓపీకి నడిచాను. ఆ సంగతి తెలిశాక రెడ్డెమ్మ మూట సర్దుకుని వచ్చింది.

ఆమె చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. నీళ్ల బిందె ఇప్పుడు నేనే ఎత్తుతాను. నేను హఠాత్తుగా కదిలితే ఆమె ఇంకా పక్కకు తప్పుకుంటుంది. ఆ భయం నయం కావడానికి నా జబ్బు కన్నా ఎక్కువ కాలం పట్టేలా ఉంది.

మీ ఇంట్లో మాత్ర వద్దనే మనిషి ఉంటే తిండిలో దాచకండి. డాక్టరుకు చెప్పి, పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని, మందు పేరు చెప్పి చేతికివ్వండి. విసిరికొడతాడు. మంచం కిందే ఎక్కడో పడి ఉంటుంది. వెతికి, తుడిచి, మళ్లీ ఇవ్వండి.