దొందు చేప ఎక్కడుంటుందని అడిగినందుకు

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేం కాదు, సెల్‌ఫోన్లున్న రోజులే, నాకు ప్రశ్న తోస్తే నోట్లో ఆగేది కాదు. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, చేపల సర్వేలో టెంపరరీ ఉద్యోగం సంపాదించి, పలాస నుంచి వచ్చి వజ్రపుకొత్తూరు తీరాన ఒక పల్లెలో దిగాను. లోతు సముద్రంలో వేలి కణుపంత దొందు చేప ఒకటుంది, అది ఎంత లోతున, ఎలాంటి నేల మీద బతుకుతుందో రాసుకురమ్మన్నారు మా సారు. (కూరకి పనికిరాని చేప కోసం జీతమిచ్చి మనిషిని పంపారని ఊరంతా నవ్వింది.) నేనున్న ఇంటావిడని అత్తా అనీ, ఆవిడ భర్తని మావా అనీ పిలిచేదాన్ని.

ఒకరోజు తెల్లారుతూనే మావ వాళ్ళు బోటుని నీళ్ళలోకి తోస్తున్నారు. నేను పరుగెత్తుకెళ్ళి, "మావా, ఏ పక్కకి ఎల్తన్నారు? అక్కడెంత లోతు?" అని అరిచాను. తోసే చేతులు ఆగిపోయాయి. మావ వెనక్కొచ్చి, ఇసకలో కాసేపు కూచుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాడు. అత్త మాత్రం ఊరుకోలేదు. "ఓలమ్మా, గంగమ్మ మీదకి ఎల్లీవోల్ని ఎక్కడికని అడుగుతారేటే! మీ యమ్మ నీకు సెప్పనేదేటి?" (చెప్పింది. బజారుకెళ్ళే నాన్నని అడిగినా మా ఇంట్లో వీపు పగిలేది.) "నాకలాంటి నమ్మకాల్లేవత్తా" అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

మధ్యాహ్నానికి రావాల్సిన బోటు రాలేదు. గాలి పెరిగింది. మిగతా బోట్లన్నీ ఒడ్డుకి చేరాయి. మావ ఫోను కలవలేదు. అత్త నాతో మాటలు మానేసి సముద్రం వైపే చూస్తూ కూచుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. నమ్మకాల్లేని నేను రావివలస మల్లన్నకి ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాను. గాలి ఇంకాస్త పెరిగేసరికి పదకొండన్నాను. పొద్దు వాలేటప్పటికి నూటొకటి దాకా వెళ్ళి, పైన గుండు కూడా కలిపాను. మావకేమైనా అయితే ఈ పాడు నోరు పెట్టుకుని అత్త మొహం ఎలా చూడను?

చీకటి పడబోతుండగా బోటు కనిపించింది. ఇంజను ఆగిపోతే తెడ్లేసుకుంటూ వచ్చారట. మావ దిగుతూనే నా చేతిలో పాత నత్తగుల్ల ఒకటి పెట్టాడు. వలకి చిక్కి వచ్చిందట, లోపల దొందు చేప! "నలభై బారల లోతు, అడుగంతా బురద." (బార అంటే చాచిన రెండు చేతుల పొడవు.) "ఇంకేటి కావాల? ఇప్పుడడుగు" అన్నాడు. అడగాల్సినవి నా నోటుబుక్కులో రెండు పేజీలున్నాయి. నాకొక్కటే నోటికొచ్చింది.

"అన్నం తిన్నావా, మావా?" అని భోరుమన్నాను.

రిపోర్టులో సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయని సారు చివాట్లు పెట్టారు. పెట్టనీ. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకి అంతకన్నా పెద్ద ఫారాలే ఇస్తున్నాను గానీ, ఒడ్డున ఏడ్చిన ఆ తింగరిపిల్ల గుర్తొస్తే మాత్రం, అది అడిగినంత మంచి ప్రశ్న నేను మళ్ళీ అడగలేదేమో అనిపిస్తుంది.