దుమ్ము లేని బూట్లు

సాయంత్రం నడక ముగించుకొని వచ్చిన అత్తమ్మ గుమ్మం దగ్గర బూట్లు విప్పి వంటింట్లోకి నడిచింది. ఆమె వెనక తెల్ల టైల్స్ మీద ఎడమ పాదం గుర్తు మాత్రం తడిగా, పలచటి ఎరుపులో పడుతూ పోయింది. ఆమె అదేమీ తెలియనట్టు మంచినీళ్లు తాగుతోంది. నేను పరుగున వెళ్లి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆమెకు ఏళ్లుగా షుగర్, మోకాళ్ల నొప్పులు. పరుగులూ గెంతులూ అక్కర్లేదు, రోజూ అరగంట నడిస్తే మోకాళ్లకు భారం లేకుండానే షుగర్ దిగుతుందని వేసవి ముందు డాక్టర్ చెప్పారు. పాదాలకు స్పర్శ తగ్గింది కాబట్టి బూట్లు లేకుండా అడుగు వేయొద్దన్నారు. బస్ డిపో దగ్గర మెత్తటి బూట్లు కొన్నాను. ఈ వయసులో నన్ను పోలీసోణ్ణి చేస్తున్నవని అత్తమ్మ నవ్వింది.

వేసవంతా ఇద్దరం వెంచర్ రోడ్ల మీద, ఖాళీ ప్లాట్ల చుట్టూ నడిచాం. రోజూ బూట్లకు పట్టిన ఎర్రదుమ్ము నేనే తుడిచేదాన్ని. షుగర్ నిజంగానే దిగింది. గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది. తెల్లారేదాకా నిద్రపోయింది. బడులు తెరిచాక పిల్లల హోంవర్కుతో నేను వెళ్లలేకపోయాను. ఆ తర్వాత బూట్లకు దుమ్ము కనపడలేదు. తనే తుడుచుకుంటోందని మురిసిపోయాను.

ఆ సాయంత్రం పాదం కడిగితే బొటనవేలి కింద గుంట, అందులో ఇసుక. ఎక్కడ నడుస్తున్నావని అడిగాను. రెండు సందుల అవతల హనుమాన్ గుడి. చేతిలో చింతగింజలు లెక్కపెట్టుకుంటూ రోజూ నూట ఎనిమిది ప్రదక్షిణలు. బూట్లు గుడి బయట.

"నడుసుడు యాడైనా నడుసుడే గద బిడ్డా. నా షుగర్ ఫికర్ల నీకు నిద్ర పడ్తలేదు, అది తగ్గాలని మొక్కిన."

ఎండకు కాగిన ఆ బండల మీద కాళ్లు కాలలేదా అన్నాను.

"కాలలే. అంత స్వామి దయ అనుకున్న."

వెంటనే దవాఖానకు తీసుకుపోయాం. చీము ఎముక దాకా పోయిందట. వేలు తీసేయాలి, పాదం నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. షుగర్ మాత్రం బాగా తగ్గిందని రిపోర్టు చూసి మెచ్చుకున్నారు. మా ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను ఇంటికొచ్చి ఎడమ బూటు లోపల చెయ్యి పెట్టాను. అట్టకట్టిన మరక. ఇన్నాళ్లూ పైపైనే చూశాను.

పిల్లలకు ఏదో ఒక అబద్ధం చెబుదామని ఆ రాత్రంతా అనుకున్నాను. రోజూ వాళ్లను స్కూలు బస్సు దాకా నడిపించేది నానమ్మే. పొద్దున చిన్నది ఆ బూట్లు రెండూ పట్టుకొచ్చి, దవాఖానకు నానమ్మ దగ్గరికి పంపుదామంది. పెద్దోడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నాకు అబద్ధం రాలేదు.

"ఆడ పెట్టు బిడ్డా," అన్నాను. "నానమ్మ కాలి వేలు తీస్తున్నరు. అవి ఇగ నానమ్మకు పనికి రావు."