ఫౌజీ మోసిన కుక్కర్లు

ఆ రోజుల్లో మా మణుగూరు బొగ్గు కాలనీలో ఫౌజు ఉద్యోగమంటే జనానికి తెలిసింది సామాన్లు చవకగా దొరికే క్యాంటీన్ ఒక్కటే. సరిహద్దు, తుపాకీ, మంచు అన్నీ దాని తర్వాతే. మొదటి పోస్టింగులో నేను సిగ్నల్ కోసం గుట్టెక్కి, వేళ్లు కొంకర్లు పోతుంటే ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. తిన్నావా అని అమ్మ అడిగేది. తిన్నానని చెప్పేలోపే ఫోన్ చేయి మారేది. మేనత్తకు కుక్కర్ కావాలి. పక్క క్వార్టర్ పిన్నికీ కుక్కరే కావాలి. వాళ్లిద్దరికీ తెచ్చి ఇంటికి తేకపోతే ఏం బాగుంటుందని అమ్మకూ ఒకటి కావాలి. (మా చిన్నమామకు కావాల్సింది వేరు. దాని పేరు ఫోన్‌లో చెప్పలేక దగ్గేవాడు.) అన్నీ చవక, పైసా కట్టకుండా రైలు ఉత్తదే, దవాఖానా ఉత్తదే, నడివయసు రాకుండానే పెన్షన్. ఇన్ని సుఖాలున్నవాడు మూడు కుక్కర్లు మోయలేడా అన్నది వాళ్ల వాదన.

మోశాను. సెలవు దొరికిందన్న సంతోషం ఒక భుజాన, గోనెసంచి ఇంకో భుజాన. కోడిగుడ్డు రాయిలా గడ్డకట్టడం, పొద్దున బూట్లలో కాళ్లు దూర్చడానికి పడే అవస్థ, అన్నీ ఇంట్లో వరసగా చెప్పాలని దారంతా మనసులో కూర్చుకుంటూ వచ్చాను. రైల్లో మాత్రం అందరూ నన్ను గిన్నెల వ్యాపారి అనుకున్నారు. ఒకావిడైతే ఇత్తడివి కూడా ఉన్నాయా అని అడిగింది.

ఖమ్మంలో దిగి బస్సెక్కాను. పాల్వంచ దాటి అడవి దట్టమయ్యాక చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. నక్సలైట్లు తిరిగే ఆ దారిలో అప్పట్లో కుక్కర్ అంటే వాళ్లకు పప్పు గుర్తుకు రాదు, బాంబు గుర్తుకొస్తుంది. ఒక్క మనిషికి ఇన్నెందుకని నన్ను కిందికి దింపారు. ఐడీ కార్డు చూపించాను. హెడ్ కానిస్టేబుల్ కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. (చలికి తోలు ఊడిన నా ముక్కుకూ ఫోటోలోని ముక్కుకూ పోలిక లేదు.) డబ్బాలన్నీ విప్పి బల్ల మీద పరిచారు. మా అత్త ఎంత పట్టుబట్టిందో మొదటినుంచీ చెప్పుకున్నాను. అంతా విని ఆయన నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"తమ్మీ, మల్ల లీవుకొచ్చేటప్పుడు మా ఇంటికి గూడ ఒకటి తెస్తవా? అయిదు లీటర్లది."

డ్రైవర్ హారన్ ఆపడం లేదు, లోపల జనం గొణుగుతున్నారు. తెస్తానని, దొరికింది దొరికినట్టు సంచిలో కుక్కుకుని బస్సెక్కాను.

ఇంట్లో అందరూ కుక్కర్ల చుట్టూ కూర్చున్నారు. నా ముక్కు ఎవరికీ కనబడలేదు. అత్త మూతను అటూ ఇటూ తిప్పి, "అల్లుడా, అంత మంచిగనే ఉన్నది గని, విజిల్ ఏది?" అంది. దేనికీ విజిల్ లేదు. చెక్‌పోస్టు బల్ల మీదే ఉండిపోయాయి. మిలిట్రీలో విజిల్ విడిగా కొనుక్కోవాలా అని పిన్ని అనుమానం. మందు సీసాకు మూత ఉందో లేదో చూసుకోవడానికి చిన్నమామ పెరట్లోకి వెళ్లాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. సరిహద్దు కాయమంటే కాస్తాను గానీ, వీళ్లతో వేగడం నా వల్ల కాదనిపించింది.

అప్పుడే బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసినా కళ్ల అంచుల్లో కాటుకలా బొగ్గు మిగిలిన మా బాపు స్కూటర్ తీశాడు. వెనక కూర్చున్నాను. చెక్‌పోస్టులో హెడ్ కానిస్టేబుల్ విజిళ్లను కవర్లో కట్టి భద్రంగానే దాచాడు. (తన అయిదు లీటర్ల సంగతి మళ్లీ గుర్తుచేశాడు.) తిరుగుదారిలో టీ కొట్టు దగ్గర బాపు బండి ఆపి, గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"అక్కడ చలి మస్తుగుంటదా? ముక్కు గట్లయింది."

నేను కూర్చుకున్నదంతా గొంతుదాకా వచ్చింది. అడిగిన మొదటి మనిషి ఈయనే. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"ఏం లేదు బాపు. కోట్లిస్తరు, బూట్లిస్తరు, వేడి రొట్టెలు పెడ్తరు. నీకు, అమ్మకు దవాఖానా గూడ ఉత్తదే."

బాపు టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "అవ్. నేను గూడ బొగ్గుబాయిల చల్లగుంటదనే చెప్తున్న మీ అమ్మకు, ఇన్నేండ్ల సంది."

మళ్లీ స్కూటరెక్కాం. ఇప్పుడు పెన్షన్ తీసుకునే వయసుకొచ్చి, ఎందుకట్లా చెప్పావురా అని అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ని అడుగుదామనుకుంటాను గానీ అడగబుద్ధి కాదు. బాపు నడుము పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెనక కూర్చుని, తనకు ఏ కష్టమూ లేదని వాడు నిజంగానే నమ్మాడు, మణుగూరు వచ్చేదాకా.