పిలిస్తే పలికిన గుట్ట

ఒమాన్‌లో నేను బండి తోలుతూ తిరిగిన ఆ రోజుల్లో నాకు తెలిసిన రాళ్లు రెండే రకాలు: టైరుకు తగిలేవి, తగలనివి. ఏడో తరగతిలోనే బడికీ నాకూ పడక విడిపోయాం కాబట్టి అంతకుమించి ఆశించకండి. అలాంటి నన్ను అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసువాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చిన రాళ్ల సారుకు డ్రైవరుగా ఇచ్చారు. ఆ దేశంలో పేరున్న రాతిపొరలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించడం సారు డ్యూటీ. పొర మొదట ఎక్కడ కనబడితే ఆ చోటు పేరే దానికి పెడతారట (మా ఇళ్లల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టు). మేం ఆ చోటికి పోయి, ఫొటో తీసి, అక్కడివాళ్లు దాన్నేమంటారో అడిగి రాసుకోవాలి.

ఒక మధ్యాహ్నం రుస్తాఖ్ దాటి, ఎండిన వాగులో చాలా దూరం పోయాక, మనుషులు వదిలేసిన ఊరొకటి వచ్చింది. మట్టి ఇళ్లు, తెరిచిన తలుపులు, లోపల మనల్నే చూస్తున్నట్టున్న చీకటి. ఊరంతా ఖాళీ, ఒక గడప ముందు బూడిద మాత్రం వెచ్చగా ఉంది. సారు సుత్తితో రాయిని రెండుసార్లు కొట్టాడు. కొండ మీది నుంచి టక్, టక్, టక్.

"ప్రతిధ్వనయ్యా," అన్నాడు సారు. కళ్లు మాత్రం బండి వైపు పోయాయి.

"మనం కొట్టింది రెండే గద సారూ. అది గూడ నా లెక్కనే బడి మానేసిందా?"

"నువ్వు కాస్త నోరు మూస్తావా!" ఈసారి ఒక్కటే కొట్టాడు. రెండు వచ్చాయి.

నా భయం ఎప్పుడూ నోట్లోంచే బయటికి పోతుంది. "ఎవ్వడ్రా అది? దమ్ముంటే ముంగటికి రా!" అని తెలుగులో అరిచాను (అక్కడి దయ్యాలకు అరబ్బీ తప్ప రాదన్న ధైర్యం).

"జర ఆగున్రి, వస్తున్న!" అంది కొండ, అచ్చంగా మా జగిత్యాల యాసలో.

సారు ఒక్క ఉరుకులో బండి దగ్గరున్నాడు. తాళం నా జేబులో ఉంది. నేను కదలలేదు. ధైర్యం కాదు, దయ్యానికి మా యాస ఎలా వచ్చిందా అని లెక్కేస్తున్నాను.

ముందు మేకలు, వెనక ఒక నెరిసిన గడ్డం, గడ్డం వెనక మనిషి దిగి వచ్చారు. తన అర్బాబు మేకలను కాస్తున్నాడట (అక్కడ యజమానిని అలాగే అంటారు). "బుగులు వడ్డవా తమ్మీ? మనిషి సప్పుడు ఇని శాన దినాలాయె. మీది ఆగిపోతదేమోనని నేనొకటి ఎక్కువ కొట్టిన."

సారు తేరుకుని, "ఈ చోటునేమంటారు బాబూ?" అన్నాడు.

"అరబ్బోళ్లు ఏందో అంటరు, నాకు నోరు తిరగది సార్. నేనైతే లచ్చవ్వ గుట్ట అంట. మా అవ్వ పేరు. ఫోన్ ఖరాబైనకాంచి ముచ్చటే లేదు. ఇంట్ల నేను సచ్చిన్ననుకుంటున్నరో ఏమో. ఆమెకొక్క మాట చెప్పున్రి."

బండెక్కమంటే, మేకలను వదిలి రానన్నాడు. అవ్వ నంబరు మాత్రం గడగడా చెప్పాడు, మరిచిపోకుండా రోజూ మేకలకు వినిపిస్తాడట. రుస్తాఖ్‌లో సిగ్నల్ రాగానే చేశాను. "నీ కొడుకు బతికే ఉన్నడవ్వా" అన్నాక అటు ఏడుపు, ఇటు నేను ఫోను సారు చేతిలో పెట్టి బండి అద్దాలు తుడవడం మొదలుపెట్టాను (చూసి సారే ఆశ్చర్యపోయాడు). ఆఫీసుకు పోయాక సారు, స్థానికులు పిలిచే పేరు అన్నచోట లచ్చవ్వ గుట్ట అని టైపు కొట్టాడు. "అక్కడుండేది అతనొక్కడే కదయ్యా, స్థానికుడు ఇంకెవరు?"

ఎండలు తగ్గాక సబ్బులు, ఒక ఫోను పట్టుకుని మళ్లీ వెళ్లాను. బూడిద చల్లగా ఉంది. మేకలు లేవు. రాయి తీసి రెండు కొట్టాను. కొండ సరిగ్గా రెండే తిరిగి ఇచ్చింది. అంత భయం నాకు మొదటిరోజు కూడా వేయలేదు.

రుస్తాఖ్ చేరి లచ్చవ్వ నంబరుకు చేశాను. ఎవరో ఎత్తారు. అటు నుంచి టక్, టక్, టక్. తర్వాత పకపకా నవ్వు. "ఇంటికచ్చిన తమ్మీ! నువ్వు జెప్పినంక మావోళ్లు నన్ను పంపిన ఏజెంటును, అర్బాబును ఫోన్ల మీద ఫోన్లు చేసి పండనియ్యలే."

ఇప్పుడు నాకూ గడ్డం నెరిసింది. దారిలో గుట్ట కనబడితే చాలు, బండి దిగి రాయితో రెండు కొట్టి మూడోదాని కోసం ఆగుతాను. "రాళ్లతోని ఏం ముచ్చట నీకు?" అంటూ మా ఆవిడ బండిలోంచి హారన్ కొడుతుంది. నేను దాన్నే మూడోదిగా లెక్కేసుకుని వచ్చి కూర్చుంటాను.