నా కూతురి రక్తంలో పంగల కర్రలు

"ఇదివరకు గర్భం ఏమైనా పోయిందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. నా కూతురు బల్ల మీద పడుకుని ఉంది. దానికి నాలుగో నెల. తల దగ్గర నేను, కాళ్ళ దగ్గర మా వియ్యపురాలు నిలబడి ఉన్నాం. అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేనే అందుకుని, "లేదండి, ఇదే మొదటిది" అన్నాను. డాక్టరమ్మ రాసుకుంది.

నేను చెప్పింది అబద్ధం.

అంతకు ముందు సంవత్సరం ఆషాఢానికి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పెళ్ళయిన మొదటి ఆషాఢంలో కొత్త కోడలు అత్తవారింట ఉండకూడదు కదా. మాది రామచంద్రపురం పక్కన పల్లెటూరు, వాళ్ళది రాజమండ్రి. వచ్చిన వారానికి దానికి అనుమానం వచ్చి, మందుల షాపులో కొన్న పట్టీతో పరీక్ష చేసుకుంది. రెండు గీతలు పడ్డాయి. దానికి నెలసరి ఎప్పుడూ సరిగ్గా రాదు. తెలిసేసరికే మూడు నెలలు దాటి ఉంటాయని నా అంచనా. "శ్రావణం వచ్చాక చెప్పుకుందాం. ఆషాఢంలో శుభవార్తేంటి? మీ ఆయనక్కూడా చెప్పకు" అన్నాను. అది చేతిలోకి తీసుకున్న ఫోను పక్కన పెట్టేసింది. ఇంకో పది రోజులకు కడుపు పోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. అక్కడికెళ్తే స్కానింగులూ బిల్లులూ. అంతకు మించి, వరండాలో తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు. రెండు రోజులు చాప మీద పడుకోబెట్టాను. వేడినీళ్ళు పోశాను, బాలింతలకు పెట్టే కాయం ముద్ద చేసి పెట్టాను. రక్తం ఆగింది. గుడ్డలు నేనే ఉతికి, పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య ఆరేశాను. "ఏమీ జరగలేదు, సరేనా?" అన్నాను. "సరే అమ్మా" అంది. శ్రావణంలో చీర పెట్టి పంపించాను. పని అయిపోయిందనుకున్నాను. నిజానికి ఆ సంగతి మర్చిపోయాననే చెప్పాలి.

రక్తపరీక్ష ఇచ్చిన వారానికి డాక్టరమ్మ మమ్మల్ని మళ్ళీ రమ్మంది. ముగ్గురం వెళ్ళాం.

"అమ్మాయిది నెగెటివ్ రక్తం, అబ్బాయిది పాజిటివ్" అంది. "కడుపులో బిడ్డకు తండ్రి రక్తం వచ్చి ఉంటే, అమ్మాయి ఒంట్లోని యాంటీబాడీలు దాన్ని పరాయి రక్తం అనుకుని పాడుచేస్తాయి. అవి బాగా ఎక్కువగా ఉన్నాయి."

"మొదటి కాన్పుకేం భయం లేదందే మా వీధిలో నర్సమ్మ!" అంది వియ్యపురాలు.

"మొదటిదైతే భయం ఉండదండి. అందుకే పిలిచాను."

స్కాను కవరు తిరగేసి ఆ యాంటీబాడీ బొమ్మ గీసింది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. అయినా ఆ బొమ్మ చూడగానే పోల్చుకున్నాను. గెల బరువుకి అరటిచెట్టు ఒరిగిపోకుండా మనం ఊతం పెట్టే పంగల కర్ర అది. పైన రెండు చేతులు, కింద ఒక తోక. రెండు పొడుగు పేటలు, రెండు పొట్టి పేటలు కలిపి ముళ్ళు వేసినట్టుగా ఉంటుందట. చేతులు విడిపోయే చోట కీలులాగా వంగుతుంది. పైచేతుల కొసలు తమకు తగిన వస్తువునే పట్టుకుంటాయి, ఇంకోదాన్ని ముట్టవు. పట్టుకున్నాక ఏం చెయ్యాలన్నది తోకను బట్టి ఉంటుంది.

"పరాయి రక్తం మొదటిసారి కలిసినప్పుడు ఒంట్లో పెద్దవి తయారవుతాయి" అంటూ ఐదు పంగల కర్రలను తోకలు లోపలికి పెట్టి, చుట్టూ కట్టేసినట్టు గీసింది. "ఇవి మాయ దాటి బిడ్డ దగ్గరికి పోలేవు. వీటి తోకని మాయ పట్టుకోదు. కొన్ని వారాలు పోయాక ఒంటిగా ఉండే ఈ చిన్నవి వస్తాయి. వీటి తోకకైతే మాయలో పట్టు ఉంది. తోక పట్టుకుని, తనే అవతలికి దాటిస్తుంది."

"బిడ్డకి చెరుపు చేసేదాన్ని మాయే దాటిస్తుందా?" అన్నాను.

"దానికి తేడా తెలీదమ్మా. తల్లికి వచ్చిన జబ్బుల నుంచి బిడ్డను కాపాడడానికి ఉన్న దారి అది. అదే దారిలో ఇవీ పోతాయి." పెన్ను కింద పెట్టింది. "ఈ అమ్మాయిలో ఉన్నవి చిన్నవి. నాలుగో నెలకే ఇన్ని ఉన్నాయంటే పరాయి రక్తాన్ని ముందే ఒకసారి చూసి ఉండాలి. ఎప్పుడూ రక్తం ఎక్కించలేదన్నారు. మరి ఏం జరిగింది?"

అమ్మాయి ఈసారి నా వైపు చూడలేదు. కవరు మీది బొమ్మనే చూస్తోంది.

"కిందటి ఆషాఢంలో ఒకటి పోయిందండి. మా ఇంట్లోనే. నేనే చెప్పనివ్వలేదు" అన్నాను.

వియ్యపురాలు నా వైపు తిరిగింది. "ఇంకా ఏమన్నా ఉన్నాయా వదినగారూ? ఉంటే ఒకేసారి చెప్పేయండి. మాటిమాటికీ రక్తం ఇవ్వలేదు పిల్ల."

"అంతేనండి."

"నాకు చెప్తే ఊళ్ళో దండోరా వేయిస్తాననుకున్నారా?"

"అనుకున్నానండి."

ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది.

కడుపు పోయిన మూడు రోజుల లోపల ఒక్క ఇంజెక్షన్ చేయించి ఉంటే ఇవి పుట్టేవి కావని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేవీ ఈ పంగల కర్రలేనట, ఇంకొకరి రక్తం నుంచి తీసినవి. బిడ్డ రక్తం కాస్త తల్లిలో కలిసినా, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకునే లోపలే అవి తీసిపారేస్తాయి. ఇప్పుడు చేసినా లాభం లేదు, ఒళ్ళు గుర్తుపెట్టేసుకుంది. మూడు రోజులు. ఆ మూడు రోజులూ నేను గుడ్డలు ఉతుకుతున్నాను.

తర్వాత నెలల్లో నాకు ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నాను, నిద్రపోయాను, కొబ్బరికాయల దింపు వాళ్ళతో ఎప్పటిలాగే గొడవపడ్డాను. మొక్కుకోమన్నారు. మొక్కుకున్నాను, ఎవరికో మాత్రలు కొని ఇచ్చినట్టు. రెండు వారాలకోసారి స్కానింగ్‌లో బిడ్డ తలలో రక్తం పరుగెత్తే వేగం చూసేవారు. రక్తం పలచబడితే వేగం పెరుగుతుందట. ఏడో నెలలో పెరిగింది. పొట్టలోంచి సూది పంపి, బొడ్డుతాడులోకి రక్తం ఎక్కించారు. మూడు వారాలు పోయాక మళ్ళీ ఎక్కించారు. నేను బయట బెంచీ మీద కూర్చుని గోడ మీది టైల్స్ చూస్తూ ఉన్నాను. ఒకటి పగిలి ఉంది.

తొమ్మిదో నెల పడగానే ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. పసుపు పచ్చగా ఉంది. కళ్ళకు గంతలు కట్టి ఎనిమిది రోజులు నీలం దీపాల కింద ఉంచారు. మొదటి పురుడు పుట్టింటివాళ్ళే పొయ్యాలి. కాని ఇంటికి పంపే రోజున వియ్యపురాలు, "తల్లీ పిల్లా మా ఇంటికే వస్తారు" అంది. నేను కాదనలేదు. పిల్లకని కుట్టిన పాతచీరల బొంతలు ఆవిడ చేతికిచ్చి బస్సెక్కాను.

నాలుగు రోజులకు అమ్మాయి ఫోను చేసింది. "వారం వారం పిల్ల మడమలో గుచ్చి రక్తం చూడాలట. అత్తయ్యగారు చూడలేరు, నేనూ చూడలేను. నువ్వొచ్చి పట్టుకో." బాగున్నావా అని కూడా అడగలేదు.

ప్రతి మంగళవారం వెళ్ళాను. పిల్లని ఒడిలో పెట్టుకుని, కాలు కదలకుండా పట్టుకునేదాన్ని. గుక్కపట్టి ఏడ్చేది. నేను పట్టు సడలించేదాన్ని కాదు. ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి, "మామ్మగారూ, మీది రాయి గుండె అండి బాబూ. ఇంకో పిల్లని తెచ్చిన తాతగారైతే రక్తం చూసి నా మీదే పడిపోయారు!" అనేది నవ్వుతూ.

"నువ్వు గుచ్చు" అనేదాన్ని.

పుట్టాక కూడా గొడవేంటో డాక్టరమ్మ చెప్పింది. తల్లి నుంచి వచ్చిన పంగల కర్రలు పిల్ల రక్తంలోనే ఉంటాయి. ఆ తోక వల్లే ఒళ్ళు వాటిని తొందరగా అరగనివ్వదు. ఉన్నవి సగం కావడానికే మూడు వారాలు పడుతుంది. అంతదాకా పిల్ల రక్తం తయారైనది తయారైనట్టు పోతూ ఉండవచ్చు. ఐదో మంగళవారం హిమోగ్లోబిన్ లెక్క బాగా తగ్గితే ఇంకోసారి ఎక్కించారు. ఆ తర్వాత తొమ్మిది, తొమ్మిది, తొమ్మిదిన్నర.

మూడు నెలలు నిండాక ఒక మంగళవారం పది పాయింటు మూడు వచ్చింది. వాళ్ళమ్మ నుంచి వచ్చినవి దాదాపు అరిగిపోయాయనీ, పిల్ల తన రక్తం తనే నిలబెట్టుకుంటోందనీ, ఇక వారం వారం రానక్కర్లేదనీ డాక్టరమ్మ చెప్పింది. వియ్యపురాలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మాయి ఏడవలేదు.

"నాలో ఉన్నవి మాత్రం పోవట అమ్మా. మళ్ళీ కడుపొస్తే మళ్ళీ ఇంతే" అంది.

"వద్దనుకో అయితే."

"కావాలనుకుంటాను. ఈసారి తెలిసిన రోజే డాక్టరుకు చెప్తాను, తర్వాత ఆయనకు చెప్తాను, అత్తయ్యగారికి చెప్తాను. నీకు అందరికంటే చివర చెప్తాను."

"అలాగే చెయ్యి" అన్నాను.

పిల్ల మడమ మీద దూది ఒత్తి పట్టుకునే ఉన్నాను. రక్తం ఎప్పుడో ఆగింది. ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, దూది తీసి బుట్టలో వేసింది.