పని పూర్తయిందని పెట్టిన సంతకం

మా బడికి ఇంటర్నెట్ లైను లాగిన కేబుల్ మేస్త్రి పోయిన మంగళవారం చనిపోయాడు. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ షహానియా లేబర్ క్యాంపులో తెల్లవారుతుండగా డ్యూటీ బస్సు కోసం వరుసలో నిలబడి, పక్కవాడితో "జర నా టిఫిన్ డబ్బా పట్టుకో" అని, అక్కడే కూలిపోయాడట. కబురు చెప్పింది మా బడి వ్యాను డ్రైవరు, కడప జిల్లా మనిషి. ఫోనులో "మేడం, వైర్ మామ లేడంట" అన్నాడు. ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు, ఏ ఆసుపత్రి అని నేను వరసగా అడిగాను.

వైర్ మామ అని పిల్లలు పెట్టిన పేరు. మెసైమీర్‌లో రెండు విల్లాలు కలిపి నడిపే చిన్న బడి మాది. చిన్న జీతాల వాళ్ళ పిల్లలు చదువుకుంటారు. చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి, ఇప్పుడు ఆఫీసులో రికార్డులు చూస్తున్నాను.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజే తిట్టాను. కేబుల్ కోసం మా గేటు ముందు కాలువ తవ్వి, కప్పకుండా వదిలేశారు. పిల్లలు వచ్చే వేళ. "ఏమయ్యా, ఇది బడి అని కనబడటం లేదా?" అన్నాను. ఆయన గడ్డపార పక్కన పెట్టి, "తిట్టుడు అయినంక చెప్పుండ్రి మేడం, పట్టె ఏడ వెయ్యాల్నో," అన్నాడు. చెక్క పలక వేసి, తానే కాలువలో దిగి నిలబడి, ఒక్కొక్క పిల్లను చెయ్యి పట్టి దాటించాడు. అది అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మీ బడికి ఫ్రీ లైన్ ఉంటది, ఎరుకేనా? తవ్వుకోనీకి పర్మిషన్ అడిగినప్పుడే కంపెనీ సర్కారుకు రాసిచ్చింది. దారిల ఎన్ని బడులుంటే అన్నిటికి," అన్నాడు.

నాకు ఎరుక లేదు. ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాశాను. మూడో ఉత్తరం తరువాత, ఒక బుధవారం మధ్యాహ్నం, ఆయన్నే పంపారు.

ఆ ఆదివారమే మాకు తనిఖీ ఉంది; ఇక్కడ శుక్ర, శనివారాలే సెలవు. మా బడి పది వరకే; కంప్యూటర్ సైన్స్‌తో పదకొండో తరగతి తెరవడానికి బోర్డు వాళ్ళు వచ్చి ల్యాబు చూస్తారు. సొంత ఇంటర్నెట్ లైను లేకపోతే అనుమతి లేదు. పదో తరగతి పిల్లల్లో పెద్ద బడుల ఫీజు కట్టగలిగిన వాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతా వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోవాలి. వాళ్ళలో మా డ్రైవరు కూతురు కూడా ఉంది. అతని భార్య మా బడిలోనే ఆయా. "ఊర్లో ఎవురి కాడ పెట్టాల మేడం? మా అమ్మకు కండ్లే కనబడవు," అని అతను ఆ వారమంతా నన్ను అడుగుతూనే ఉన్నాడు.

మేస్త్రి పని చూడటానికి పిల్లలు మూగారు. "లోపల గాజు ఉంటది బిడ్డా, ఎంట్రుక అంత. గట్టిగ వంచితే ఇరుగుతది. మూల కాడ మెల్లగ తిరగాలె," అని చెబుతూ, గోడ మీద పెన్సిలుతో గీత గీసుకుని, జానెడుకొక క్లిప్పు కొట్టుకుంటూ పోయాడు. చివర ఇంటర్నెట్ పెట్టె బిగించాడు. ఎర్ర దీపం వెలిగింది. పచ్చ దీపం రావాలి, రాలేదు.

"ఆఫీసుల ఆన్ చెయ్యాలె. రేపు పొద్దుగాల చేస్తరు," అన్నాడు. బయట కంపెనీ బండిలోంచి సూపర్‌వైజరు హారను కొడుతూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. మేస్త్రి చేతిలో కాగితం ఉంది. పని పూర్తయిందని బడి వాళ్ళు సంతకం పెడితేనే ఆయనకు ఆ రోజు హాజరు. కాగితం చాపాడు గాని నా మొహం చూడలేదు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో, పని చూడకుండా సంతకం పెట్టిన మనిషిని కాదు నేను. ఆ రోజు పెట్టాను.

గురువారం పదింటికి కూడా ఎర్ర దీపమే. కంపెనీకి ఫోను చేస్తే, "ఉచితంగా ఇవ్వాల్సిన లైను ఇచ్చేశాం, మీ సంతకం ఉంది. ఆన్ కావాలంటే నెలవారీ ప్లాను తీసుకోండి," అన్నారు. శుక్ర, శనివారాలు ఆఫీసు ఉండదు. డ్రైవరును బయలుదేరమన్నాను. లుసైల్‌లో కంపెనీ ఆఫీసుకు పోయాం.

మేనేజరు కాగితం నా వైపు తిప్పాడు.

"ఈ సంతకం మీదే కదా?"

"నాదే."

"చదివే పెట్టారు కదా?"

"చదివే పెట్టాను."

అయినా, "లైను వేసిన మనిషిని పిలిచి అడగండి," అన్నాను. ఆయన ఆ రోజు అక్కడే గోదాములో ఉన్నాడు. వచ్చి, బూట్లకు మట్టి ఉందని గుమ్మం బయటే నిలబడ్డాడు. మేనేజరు హిందీలో, "కామ్ పూరా కియా నా?" అన్నాడు. పని పూర్తి చేశావు కదా అన్న ఆ మాట ప్రశ్నలా లేదు.

అవునంటే ఆయనకు ఏ గొడవా లేదు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నా తప్పుకు సాక్ష్యం చెప్పమని ఏ మొహంతో అడగను?

"నహీ సాబ్," అన్నాడు. "బాక్స్ లగాయా. నెట్ నహీ ఆయా."

"ఫిర్ సైన్ క్యోం లియా?" మరి సంతకం ఎందుకు తీసుకున్నావని మేనేజరు.

"హాజిరీ కే లియే. సబ్ ఐసాచ్ కర్తే సాబ్." హాజరు కోసమేనట, అందరూ ఇలాగే చేస్తారట.

నేను సంచిలోంచి తెల్లకాగితం తీసి, ఆయన చెప్పినదంతా రాశాను. "దీని మీద ఇద్దరం సంతకం పెట్టి, మీకు వీధి తవ్వే అనుమతిచ్చిన ఆఫీసుకు పంపుతాను," అన్నాను. మేనేజరు నన్ను వదిలేసి, సంతకం పెడతావా అని ఆయన్ని అడిగాడు: "సైన్ కరేగా తూ?"

ఆయన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని లోపలికి వచ్చాడు. నా పెన్ను తీసుకుని, తన పేరు తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు.

ఆ కాగితం పంపాల్సిన పని పడలేదు. సెలవు రోజైనా, శనివారం మేనేజరు ఇంకొకతన్ని పంపాడు. గోడ ముట్టుకోలేదు, తీగ ముట్టుకోలేదు. పెట్టె నంబరు ఫోనులో, డ్యూటీలో ఉన్నవాళ్ళకెవరికో చెప్పాడు. అయిదు నిమిషాలు. పచ్చ దీపం. ఆదివారం తనిఖీ జరిగింది, పదకొండో తరగతి వచ్చింది. మా డ్రైవరు కూతురు ఇప్పుడు పన్నెండులో ఉంది.

ఆ మరుసటి వారమే మేస్త్రిని అల్ షహానియాకు పంపి, మళ్ళీ కాలువలు తవ్వే పనిలో వేశారు. మేనేజరుకు ఫోను చేస్తే, "అవసరాన్ని బట్టి మారుస్తుంటాం," అన్నాడు. మేస్త్రికి చేశాను. "నా మూలంగా నీ చేతిలో పని పోయింది," అన్నాను. "గడ్డపార నాకు కొత్తనా అమ్మా? పరేషాన్ గాకుండ్రి. పోరలు మంచిగ చదువుతున్నరా?" అన్నాడు. అప్పటిదాకా నేను ఆయనకు మేడంనే. ఆ తరువాత ప్రతి ఆదివారం బడి మొదలయ్యే వేళకు ఫోను చేసేవాడు. లైను ఎట్లుందని అడిగి, పెట్టేసేవాడు.

ఒకసారి క్యాంపుకు వచ్చి చూస్తానన్నాను. డ్రైవరు రెండుసార్లు వ్యాను సిద్ధం చేశాడు. ఒకసారి పరీక్షలన్నాను, ఒకసారి ఎండ అన్నాను. వెళ్ళలేదు. దానికి నా దగ్గర సరైన కారణం లేదు. సంతకం సంగతి కూడా బడిలో ఎవరికీ చెప్పలేదు. కంపెనీ ఆలస్యం చేసిందనే అందరూ అనుకున్నారు. ఇక్కడ రాస్తున్నాను.

ఆయన గదిలో ఉండేవాళ్ళు భార్య నంబరు ఇచ్చారు. జగిత్యాల దగ్గర పల్లె. మొన్న ల్యాబులోంచి వీడియో కాల్ చేశాను. ఏం చెప్పాలో ముందే అనుకుని కూర్చున్నాను గాని, ఆమె నన్ను చెప్పనివ్వలేదు. "దుబాయ్ల ఒక బడికి లైన్ గుంజిన అని చెప్పెటోడు. మీరేనా అమ్మా? అది జర చూపియ్యుండ్రి," అంది. వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. పక్కకు తిరిగి, "అత్తా, ఇటు రా, చూద్దువు," అని పిలిచింది. ముసలమ్మ మొహం తెరకు మరీ దగ్గరగా వచ్చింది. ఒక కన్ను, సగం నుదురు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఫోను తిప్పి పట్టుకుని గోడ వెంట నడిచాను. పెట్టె, క్లిప్పులు, మూల దగ్గర మెల్లగా తిరిగిన వంపు, కిటికీ. బయటికి వచ్చి గేటు దాటాను. తీగ గోడ దిగి, కాలిబాట పక్కన నేలలోకి, ఆయన తవ్వి కప్పిన కాలువలోకి పోయింది.

"ఇక్కడి నుంచి కనబడదమ్మా," అన్నాను.

"పోనీ బిడ్డా, ఆడనే జరసేపు పట్టు," అంది ముసలమ్మ.

పదింటి ఎండ. నేను వంగి, ఫోను నేల వైపు పట్టుకుని నిలబడ్డాను. అటువైపు ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.