ఎడమ ఫోర్కులో మూడు టక్కులు

దయ్యాలు, గాలి సోకడాలు నా దగ్గర నడవవు. మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో బోల్టు వదులైందని లెక్క, అంతే. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి నాకు పిచ్చి లేచిందనుకోవద్దు.

నా బిడ్డ స్వప్న రేసు బండి నడుపుతుంది. మా బాపు గొర్లు కాసినవాడు. ఆయన మనవరాలు మోకాలు నేలకు తాకించి మలుపు తిప్పుతుంటే చూడాలి! నాకు గర్వమే, దాచుకోను. "ఆడపిల్లకు రేసులేందిరా, దిమాక్ ఖరాబైందా?" అన్నవాళ్లే ఇప్పుడు వీడియోలు పంపమని అడుగుతున్నారు.

ఇది ఆమె మొదటి రేసు నాటి సంగతి. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్కులకూ పైన చిన్న స్క్రూలుంటాయి. తిప్పితే వేలికి టక్కుమని తగులుతుంది. ఒక్కో టక్కుకు, అణిగిన ఫోర్కు తిరిగి పైకి లేచే వేగం మారుతుంది. స్క్రూ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి పన్నెండు టక్కులు తిప్పాను. రెండు వైపులా అంతే. ట్యాంకు మీద టేపు అంటించి ఆ లెక్క రాసుకున్నాను.

బాపు పోయి అప్పటికి ఏడాది. ఆయనకు బండి తోలడం రాదు. కానీ గొర్రె నడుము మీద ఎడమ అరచేత్తో మూడుసార్లు నొక్కి దాని ఒంట్లో సంగతంతా చెప్పేవాడు. షాపుకు వస్తే బండి హ్యాండిల్‌నూ అట్లాగే నొక్కేవాడు. ఒకసారి, "గీ బండికి ఒక కాలు మంచిగ లేదు బిడ్డా" అన్నాడు. నేను నవ్వాను. విప్పి చూస్తే ఆ ఫోర్కులో ఆయిల్ సగమే ఉంది. నా చేతిలో పనితనం ఉందంటే అది ఆ చెయ్యి నుంచి వచ్చిందే.

ట్రాలీలో గీతలు పడకుండా బండి ముందు భాగానికి బాపు గొంగడి చుట్టాను. మధ్యాహ్నం తిని వచ్చి మరోసారి చూసుకుంటే కుడి వైపు పన్నెండు, ఎడమ వైపు తొమ్మిది. నేనే తప్పు లెక్కపెట్టాననుకుని సరిచేశాను. సాయంత్రం చూస్తే మళ్లీ తొమ్మిది. నాకు కోపం వచ్చింది. స్వప్నను పిలిచి గట్టిగానే అడిగాను.

"నువ్ పెట్టిన సెట్టింగ్ నేనెందుకు ముడ్త నాయినా? నీ మీదనే గద నా పానం పెట్టి పోతున్న" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మళ్లీ పన్నెండుకు తెచ్చి, గొంగడి చుట్టి, షట్టర్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. పొద్దున వచ్చి తీస్తే ఎడమ వైపు తొమ్మిది. మూడుసార్లూ అదే వైపు, అవే మూడు టక్కులు.

స్క్రూ పాడైందేమోనని ఆ ఫోర్కును మొత్తం ఊడదీశాను. స్క్రూ శుభ్రంగా ఉంది. లోపల టక్కుమనిపించే స్ప్రింగు, చిన్న ఉక్కు బంతి కొత్తవాటిలా ఉన్నాయి. తనంతట తాను తిరిగే సందే లేదు. కానీ ఫోర్కు కింద, చక్రం ఇరుసును పట్టి ఉంచే చోట, వెంట్రుకంత పగులు కనబడింది. ఇరుసు బిగించి ఉంటే అది కంటికి ఆనదు. ట్రాక్ మీద ఆ వేగంలో నా బిడ్డ గట్టిగా బ్రేకు పట్టి ఉంటే... అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

హైదరాబాద్‌లో తెలిసినాయన దగ్గర వేరే ఫోర్కు తెచ్చి బిగించి, పన్నెండు పెట్టి, అదే గొంగడి చుట్టి తీసుకుపోయాను. ట్రాక్ దగ్గర విప్పి చూస్తే రెండు వైపులా పన్నెండే. స్వప్న నాలుగో స్థానంలో వచ్చింది. అంతమంది మధ్యలో ఆ గొంగడి గాల్లో తిప్పుతూ గొంతు పోయేదాకా అరిచాను.

ఆ స్క్రూను ఎవరు తిప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన మెకానిక్‌లందరినీ అడిగి చూశాను. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను.

ప్రతి రేసుకూ ఆ గొంగడే చుడతాను. విప్పినప్పుడల్లా పన్నెండే ఉంటుంది. బండి బాగుందని సంతోషపడతాను. కానీ ఎడమ వైపు టక్కులు లెక్కపెట్టేటప్పుడు, తొమ్మిది దగ్గరికి రాగానే నా వేలు కాసేపు ఆగుతుంది.